ఈతలు ఎందుకు అచ్చిరావు: మేకల పెంపకంలో పదకొండు కార్తెల లెక్క

దక్షిణ తెలంగాణ పల్లెల్లో జీవాలను నమ్ముకున్న ఇంటికి మాఘమాసంలో వెళ్లి మేకల ఈతల సంగతి, అంటే అవి ఈని పిల్లలు పెట్టిన సంగతి అడిగితే, జవాబు సాధారణంగా రెండు మాటల్లో ఒకటిగా ఉంటుంది: "ఈతలు అచ్చినయి" లేదా "ఈయేడు అచ్చిరాలే". ఒకే చెరువులో నీళ్లు తాగి, ఒకే గుట్ట మీద మేసిన రెండు మందల్లో ఒకదానిలో పిల్లలు కొట్టం నిండా గంతులు వేస్తుంటే, పక్కదానిలో సగం పిల్లలు పుట్టిన నెలలోపే పోయి ఉంటాయి. ఈ తేడాకు అచ్చిరావడం అని పేరు పెట్టినప్పుడు, అందులో పెంచేవాడు చేయగలిగింది ఏమీ లేదన్న అర్థం కూడా దానికి తోడవుతుంది. మేకలున్న ఇంట్లో పుట్టి, చిన్ననాటి నుంచి ఈ మాట విని, చనిపోయిన పిల్లలను కంపచెట్ల వెనక స్వయంగా పాతిపెట్టినవాడిగా నేను ఆ అర్థాన్ని ఒప్పుకోలేను. ఈత రాత్రి బయటపడే లాభనష్టాల్లో చాలా భాగం ఆ రాత్రికి ఐదు నెలల ముందే, మేకపోతు మందలో ఏ కార్తెలో తిరిగిందన్న దగ్గరే తేలిపోతుంది.

మేక చూడి కాలం, అంటే కడుపుతో ఉండే కాలం, సుమారు 150 రోజులు. ఐదు రోజులు అటో ఇటో అవుతుంది. ఒక్కో కార్తె దాదాపు పదమూడున్నర రోజులు కనుక, పదకొండు కార్తెలు కలిపితే 149 రోజులకు దగ్గరగా వస్తుంది. అందువల్ల మేక ఏ కార్తెలో చూడి కట్టిందో గుర్తుంటే, దాని తర్వాత పదకొండో కార్తెలో ఈనుతుందని క్యాలెండర్ లేకుండానే చెప్పవచ్చు. జూన్ 8 ప్రాంతంలో మొదలయ్యే మృగశిరలో కట్టినది నవంబర్ మొదటి వారంలో వచ్చే విశాఖలో ఈనుతుంది. ఆరుద్రలో కట్టినది అనూరాధలో, పునర్వసులో కట్టినది జ్యేష్ఠలో ఈనుతాయి. సంక్రాంతి రోజుల్లో, అంటే ఉత్తరాషాఢ కార్తెలో కట్టినది తిరిగి మృగశిరకు ఈనుతుంది. ఎదకు వచ్చినా చూడి నిలవని మేక సుమారు 21 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది కనుక, ఒక విడత ఈతల వెనక మూడు వారాల ఎడంతో మరో చిన్న విడత ఉంటుందని కూడా ముందే ఊహించుకోవచ్చు. విత్తనానికి కార్తె చూసే రైతు ఇంట్లోనే మేకకు కార్తె చూడకపోవడం నాకు ఎప్పుడూ వింతగా తోస్తుంది.

చలి దేశాల్లో మేకలు పగలు కురచనయ్యే కాలంలోనే ఎక్కువగా ఎదకు వస్తాయి. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలున్న అక్షాంశాల దగ్గర పగటి పొడవులో తేడా అంతగా ఉండదు కనుక, ఇక్కడి మేక ఏడాది పొడవునా ఎదకు రాగలదు. దాన్ని నడిపించేది మేత. తొలకరి పడి, గుట్టల మీద ఆకు చిగిర్చి, వేసవిలో ఎండిన ఒంటికి కొంచెం పుష్టి పట్టగానే ఎక్కువ మేకలు ఒకేసారి ఎదకు వస్తాయి. పంట కోతలు ముగిసి, పత్తి చివరి ఏరుడు కూడా అయిపోయి, కంది చేలు ఖాళీ అయినప్పుడు జీవాలు చేనుచేనూ తిరిగి మేస్తాయి. అప్పుడు మళ్లీ ఇంకొక విడత ఎద కనిపిస్తుంది. అందువల్ల, పోతు ఏడాదంతా మందలోనే ఉండే మన పద్ధతిలో, ఎవరూ అనుకోకుండానే రెండు ఈత కాలాలు ఏర్పడుతున్నాయి: విశాఖ నుంచి జ్యేష్ఠ వరకు సాగే చలికాలపు ఈత, మృగశిర చుట్టూ వచ్చే వానకాలపు ఈత. ఈ రెండింటి స్వభావం ఒకటి కాదు.

తేడా ఎక్కడుందో అర్థం కావాలంటే చూడి మేక కడుపులో ఏం జరుగుతుందో తెలియాలి. పిల్ల కడుపులో పెరిగే బరువులో దాదాపు 70 శాతం చివరి ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే పెరుగుతుంది. మొదటి మూడు నెలలు మేక ఏం తిన్నా బయటికి పెద్ద తేడా కనిపించదు. చివరి నెలన్నరలో మాత్రం ప్రతి పిడికెడు గింజా పిల్ల బరువులోనూ, పొదుగులోనూ లెక్కకు వస్తుంది. విశాఖలో ఈనే మేకకు ఆ నెలన్నర సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో పడుతుంది. గట్ల మీద గడ్డి, కంచెల మీద తీగలు, చెట్ల మీద ఆకు అన్నీ నిండుగా ఉండే రోజులవి. మృగశిరలో ఈనే మేకకు అదే నెలన్నర ఏప్రిల్ చివర, మే నెలలో పడుతుంది. ఎండ 44 డిగ్రీలు దాటే రోజులు నల్లగొండకు కొత్త కాదు. బీళ్లలో గడ్డి పరక ఉండదు, నీటి కోసం మంద మైళ్లు నడుస్తుంది, కడుపులోని పిల్లలు మాత్రం రోజురోజుకూ ఎక్కువ అడుగుతుంటాయి. అలా పుట్టిన పిల్ల ఒకటిన్నర కిలో కూడా తూగదు, తల్లి పొదుగులో పాలుండవు, పుట్టిన వారానికే వాన మొదలై కొట్టం నేల బురద అవుతుంది. వానకాలపు ఈతను దురదృష్టం అని పిలిచే చోటల్లా నాకు ఈ వరుసే కనిపిస్తుంది.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. కడుపులో రెండు పిల్లలున్న మేకకు చివరి నెలలో పొట్టలో చోటు తగ్గి, ఎక్కువ మేత పట్టదు. అవసరం మాత్రం ఒంటి పిల్ల ఉన్నదాని కంటే ఎక్కువ. రక్తంలో గ్లూకోజు పడిపోతుంది, శరీరం తన కొవ్వును వేగంగా కరిగించుకుంటుంది, ఆ కరుగుదలలో పుట్టే కీటోన్లు రక్తంలో చేరి మేకను విషంలా పట్టుకుంటాయి. మంద నుంచి విడిగా నిలబడడం, మేత ముట్టకపోవడం, తూలడం, నోటి నుంచి తియ్యని వాసన రావడం, చివరికి లేవలేక పడుకోవడం దీని గుర్తులు. బాగా బక్కచిక్కిన మేకకూ వస్తుంది, కదలకుండా కట్టేసి మేపిన బాగా కొవ్విన మేకకూ వస్తుంది. పల్లెల్లో బెల్లం నీళ్లు తాపిస్తారు. అందులో ఎక్కువ భాగం పెద్ద పొట్టలోనే పులిసిపోయి, గ్లూకోజుగా రక్తానికి చేరేది తక్కువ. ఆ స్థితిలో వైద్యుడు నరానికి గ్లూకోజు ఎక్కించాలి, ప్రొపైలిన్ గ్లైకాల్ తాపించాలి, అవసరమైతే ముందుగా ఈనేలా మందు ఇవ్వాలి. అంతకంటే తేలికైనది చివరి 45 రోజులు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా పెట్టడం: మక్కల నూక, జొన్నలు, తవుడు, కొంచెం పల్లి చెక్క. వేసవిలో రాలే నల్ల తుమ్మ కాయలను మందంతటికీ చల్లకుండా ఏరి సంచుల్లో దాచి, చూడి నిండిన మేకలకే పెట్టినా చాలా మేలు జరుగుతుంది.

కవలల గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఆశ, దెబ్బ రెండూ వాటి చుట్టే ఉన్నాయి. మన ప్రాంతానికి మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన ఉస్మానాబాదీ జాతి కవలలకు పేరు పడింది. మన నాటు మేకల్లోనూ కవలలు అరుదు కాదు. లెక్కకు ఒక ఉదాహరణ తీసుకుందాం. 20 మేకల మందలో 18 ఈని, వాటిలో 10 కవలలు వేస్తే 28 పిల్లలు పుడతాయి. చూసినవారంతా ఈ ఏడు పంట పండిందంటారు. అందులో 9 పోతే మిగిలేవి 19. పక్క మందలో అన్నే ఈని, నాలుగే కవలలు వేస్తే 22 పిల్లలు. రెండు పోయినా 20 మిగులుతాయి. పుట్టుకలో వెనకబడ్డ మంద అంగడి నాటికి ముందుంది. పైగా మొదటి మందలో తొమ్మిది పిల్లలను మోసిన తల్లుల ఒళ్లు కరిగింది, ఆ మేత ఖర్చు తిరిగి రాదు. నా వరకు, కవలలు వేసే మేకను పొగడడానికి ముందు దాని పొదుగు చూస్తాను.

ఈనే ఘడియ దగ్గరపడిందని మేకే చెబుతుంది: తోక మొదట్లో రెండు వైపులా గుంటలు పడతాయి, పొదుగు బిగుస్తుంది, మంద వదిలి మూలకు పోయి కాలితో నేల తవ్వుతుంది. నీటి బుడగ పగిలిన తర్వాత ముందు కాళ్లు రెండు, వాటి మీద ఆనించిన మూతి కనిపిస్తే దాని పని దాన్ని చేసుకోనివ్వాలి. వెనక కాళ్లు రెండూ ముందుగా వచ్చినా సాధారణంగా ఈనగలదు. ఒక్క కాలే వచ్చినా, తల వెనక్కి తిరిగి ఉన్నా, అరగంట నుంచి ముప్పావు గంట గట్టిగా ముక్కినా ముందుకు కదలకపోయినా ఆలస్యం చేయకుండా తెలిసినవారిని పిలవాలి. తెలంగాణలో సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది.

ఆ తర్వాతి గంటే ఈత కాలం మొత్తానికి కీలకమైనది. మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే మాయ ద్వారా రోగనిరోధక శక్తి కొంత అందుతుంది. మేక మాయ దాన్ని దాటనివ్వదు. మేకపిల్ల ఏ రక్షణా లేకుండా నేల మీద పడుతుంది. దానికి దొరికే మొదటి టీకా ముర్రుపాలే. ఆ పాలలోని రక్షక పదార్థాలను పిల్ల పేగు యథాతథంగా రక్తంలోకి పీల్చుకునే శక్తి పుట్టిన గంట నుంచే తగ్గుతూ వచ్చి, ఒక రోజు గడిచేసరికి దాదాపు మూసుకుపోతుంది. అందువల్ల మొదటి గంటలో, ఎంత ఆలస్యమైనా రెండు గంటల్లో పిల్ల చన్ను పట్టాలి. మొదటి రోజు మొత్తంలో దాని బరువులో పదో వంతు తాగాలి. రెండు కిలోల పిల్లకు అది 200 మిల్లీలీటర్లు, సుమారుగా రెండు చాయ్ గ్లాసులు.

మన పల్లెల్లో దీనికి అడ్డుగా ఒక నమ్మకం ఉంది. మా పెద్దనాయన మందల మధ్యే బతికిన మనిషి. చీకట్లో అరుపు విని ఏ మేకో చెప్పగలిగేవాడు. ఒక అనూరాధ కార్తె రాత్రి మా నల్లమేక రెండు పిల్లలను వేసింది. నేను పిల్లను చన్ను దగ్గరికి తీసుకుపోతుంటే, "మాయ పడనీయ్ బిడ్డ, అటెన్క తాపుదాం" అని ఆపాడు. మాయ తెల్లవారుజామున గాని పడలేదు. అప్పటికి చిన్న పిల్ల నోరు చల్లబడింది, చన్ను నోట్లో పెట్టినా చప్పరించలేదు; పెద్దది బతికింది గాని పదిరోజులకు పారుడు పట్టి పోయింది. ఆ రోజు నాకు ఎదురు చెప్పే తెలివి లేదు. పిల్ల చన్ను చీకినప్పుడే తల్లిలో ఆక్సిటోసిన్ ఊరుతుందని, అదే గర్భసంచిని ముడిచి మాయను కిందికి తోస్తుందని తర్వాత తెలిసింది. అంటే మాయ కోసం పాలు ఆపడం వల్ల మాయ ఇంకా ఆలస్యమవుతుంది. మాయను చేత్తో లాగకూడదు, దానికి రాయి కట్టి వేలాడదీయకూడదు; 12 గంటలు దాటినా పడకపోతే వైద్యుడి పని. పెద్దనాయన తన చివరి ఏళ్లలో, పిల్ల నేల తాకగానే పొదుగు తుడిచి, ప్రతి చన్ను నుంచి రెండు ధారలు తీసి మూసుకున్న జిడ్డును వదిలించి, తానే పిల్ల నోట్లో పెట్టేవాడు. ఆ మార్పును నేను మరిచిపోలేను.

చలికాలపు ఈతకు ఉన్న ఒక్క పెద్ద ప్రమాదం ఆ చలే. తడిసిన పిల్ల, గాలి తగిలే కొట్టం, 15 డిగ్రీలకు దిగిన రాత్రి కలిస్తే పిల్ల ఒంట్లోని కొంచెం కొవ్వు కొన్ని గంటల్లో ఖర్చయిపోతుంది. నోట్లో వేలు పెట్టి చూడాలి: వేడిగా ఉంటే పాలు, చల్లగా ఉంటే ముందు వేడి. చల్లబడిన పిల్లకు బలవంతంగా పాలు పోస్తే అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. పొడి గోనెతో రుద్ది, పొయ్యి పక్కనో, గోరువెచ్చని నీళ్ల సీసాల మధ్యనో ఉంచి, ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు పట్టాలి. బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచడం కూడా ఆ మొదటి గంటలోనే జరగాలి. పెంట నేల మీది క్రిములు తడి బొడ్డు గుండా ఎక్కి కీళ్లలో చీము పట్టించిన పిల్లలు ఎన్నటికీ కోలుకోవు.

ఈ దశ దాటిన పిల్లకు మూడో వారం నుంచి కొత్త పరీక్ష మొదలవుతుంది. తడి నేల, ఇరుకు కొట్టం ఉన్నచోట కాక్సిడియా అనే సూక్ష్మజీవి పేగును కొరికి నెత్తురు పారుడు తెస్తుంది. ఆంప్రోలియం వంటి మందులున్నా, నేల పొడిగా ఉంచడమే అసలు మందు. వానకాలంలో దీనికి కడుపులో జలగల్లా నెత్తురు పీల్చే పురుగులు తోడవుతాయి. ఈత సమయంలో తల్లి నిరోధక శక్తి తగ్గి, దాని పెంటికల్లో పురుగు గుడ్లు బాగా పెరుగుతాయి. ఆ గుడ్లు పొదిగి పచ్చికెక్కే వేళకు పిల్లలు గడ్డి కొరకడం నేర్చుకుంటాయి. మృగశిర పిల్లలకు ఇది నేరుగా తగులుతుంది, విశాఖ పిల్లలు గడ్డి కొరికేనాటికి బీళ్లు ఎండిపోయి ఉంటాయి కనుక తక్కువగా తగులుతుంది. కింది కనురెప్ప తిప్పి చూస్తే ఎర్రగా ఉండాలి. తెల్లబడితే నెత్తురు పోతున్నట్టే. తల్లులకు పురుగుల మందు వేయడం మంచిదే గాని, చూడి కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ వాడితే కడుపులోని పిల్లకు హాని జరుగుతుంది. ఎప్పుడు కట్టిందో తెలియని మందలో ఈ జాగ్రత్త పాటించడమే కుదరదు.

టీకాల విషయంలోనూ అంతే. జీవాన్ని ఉన్నట్టుండి చంపే చిటుక రోగానికి టీకాలు మన దగ్గర సాధారణంగా వానలకు ముందు వేస్తారు. అది తల్లిని కాపాడుతుంది. పిల్లను కూడా కాపాడాలంటే, ఈతకు మూడు నాలుగు వారాల ముందు తల్లికి మరో మోతాదు పడాలి, అప్పుడే ముర్రుపాలలో ఆ రక్షణ నిండుగా ఉంటుంది. విశాఖ ఈతకు అది అక్టోబర్ రెండో వారం అవుతుంది. గొర్రెలు, మేకలకు అంటుకునే వైరస్ రోగం పి.పి.ఆర్.కు టీకా పిల్లలకు మూడు నాలుగు నెలల వయసు నుంచి వేయవచ్చు. విశాఖ పిల్లలకు ఆ వయసు ఫిబ్రవరి, మార్చిలో వస్తుంది. ఊరికి టీకాల బృందం వచ్చిన రోజే వేయించుకుని ఊరుకుంటే, ఈ రెండూ తప్పిపోతాయి.

నెలలు నిండకుండా మేకలు ఈసుకుపోవడం ఒకటి రెండు జరిగితే దెబ్బ తగిలి ఉండవచ్చు. వరుసగా జరిగితే బ్రుసెల్లా వంటి రోగాన్ని అనుమానించాలి. ఇది మనుషులకూ అంటుతుంది, వచ్చిపోయే జ్వరంతో, కీళ్లనొప్పులతో నెలల తరబడి పీడిస్తుంది. ఆ పిండాన్ని, మాయను ఒట్టి చేతులతో ముట్టకూడదు, కుక్కలకు వేయకూడదు. సున్నం చల్లి లోతుగా పాతాలి. ఇంట్లో గర్భవతులు ఆ దరిదాపులకు రాకూడదు.

ఇన్ని గండాలు దాటిన పిల్ల అంగడికి చేరే తీరులో మరో నష్టం దాగి ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. ఊళ్లోకి బేరగాడు వచ్చినప్పుడు వాడి చూపు మందలో అందరికంటే వేగంగా పెరిగిన మగపిల్ల మీద పడుతుంది. ఇంట్లో అవసరం ఉంటుంది, ధర బాగుంటుంది, నాలుగు నెలలకే అది హైదరాబాద్‌లోని జియాగూడ జీవాల అంగడి దారి పడుతుంది. ఎవరూ కొనని బక్క మగపిల్ల మందలో మిగిలి, రెండో ఏట అదే పోతు అవుతుంది. తన తల్లినీ, చెల్లెళ్లనూ, తర్వాత కూతుళ్లనూ అదే దాటి చూడి కట్టిస్తుంది. ఇలా పదేళ్లు జరిగితే మంద తనంతట తానే చిన్నబోతుంది. ప్రతి విడతలో మంచి పొదుగున్న తల్లికి పుట్టిన మేలైన మగపిల్లను ఒకదాన్ని అమ్మకుండా ఆపి, దాన్ని మరో ఊరి మందతో మార్చుకోవాలి. రెండేళ్లకొకసారి పోతును మార్చాలి. 20 నుంచి 25 మేకలకు ఒక పోతు చాలు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలకు ఒక పొట్టేలును ఇచ్చింది కూడా ఇలాంటి లెక్కతోనే. మిగిలిన మగపిల్లలను నాలుగు నెలలకే వేరు చేయకపోతే, ఐదారు నెలల ఆడపిల్లలు చూడి కట్టి, ఈనలేక చచ్చిపోతాయి.

అమ్మకానికి కాలం కూడా కార్తెతోనే ముడిపడి ఉంది. విశాఖ పిల్లలు ఆషాఢం బోనాలకు ఎనిమిది నెలలకు, దసరాకు పదకొండు నెలలకు చేరుతాయి. తెలంగాణలో మాంసానికి గిరాకీ ఉండే రెండు సందర్భాలూ వాటికి అందుతాయి. బక్రీద్ లెక్క వేరు: ఖుర్బానీకి మేకకు ఏడాది నిండాలి, పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో అది జూన్ 7న వచ్చింది. 2024 నవంబర్‌లో పుట్టిన పిల్లకు అప్పటికి ఏడు నెలలే. దాన్ని ఆ పండుగకు అమ్మజూపినవాడికి మంచి ధర రాదు, మరుసటి బక్రీద్ దాకా ఉంచగలిగినవాడికి వస్తుంది. పెబ్బేరు వంటి సంతలకు పోయే ముందు ఈ వయసు లెక్క చూసుకోవడం బేరం కంటే ముందు పని.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది. మేకలు సుమారు 49 లక్షలు. జీవాలు అన్న ఒకే మాటలో రెండింటినీ కలిపేయడం వల్ల మేకకు రావలసిన ప్రత్యేక శ్రద్ధ రావడం లేదని నాకు బాధగా ఉంటుంది. ఉన్ని లేని మేక చలి వానకు గొర్రె కంటే త్వరగా లొంగుతుంది, కవలలు ఎక్కువ వేస్తుంది, గడ్డి కంటే ఆకును కోరుతుంది. దాని ఈతకు దాని లెక్కే ఉండాలి.

మా ఇంట్లో మూడేళ్లుగా పోతు మేకలను దాటకుండా దాని పొట్ట కింద గోనెపట్టా కట్టి, మృగశిర దాటి ఆరుద్ర వచ్చాకే విప్పుతున్నాం. విప్పడానికి రెండు వారాల ముందు నుంచి మేకలకు గుప్పెడు మక్కలు ఎక్కువ పెడతాం. దాటిన ప్రతి మేక గుర్తునూ కార్తె పేరుతో కొట్టం గోడ మీద బొగ్గుతో రాస్తాం. ఈసారి ఆరుద్ర కింద పదకొండు గీతలున్నాయి, నిలవక తిరిగి ఎదకు వచ్చినవి పునర్వసు కింద మూడు. దసరా సెలవుల్లో ఈశాన్యం వైపు తడికకు గోనెలు కుట్టి, చివరి గదిలో ఎండు కంది పొట్టు పరిచి, అయోడిన్ సీసా గూట్లో పెట్టాలని పిల్లలకు ఇప్పుడే చెప్పి ఉంచాను.